టోలుయిన్ దగ్గర ఉద్యోగానికి వెళుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పరవాడ ఫార్మా సిటీలో నీకు ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెలలోనే చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. క్వాలిటీ కంట్రోల్‌లో తీసుకుంటామన్నా వద్దని, ప్రొడక్షన్‌లో, మందుల రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్రలు అయిన రియాక్టర్ల దగ్గరే పని కావాలని అడిగి మరీ తీసుకున్నావట. మన ఇంటి ఆడపిల్ల ఆ మాట అడగగలిగిందని గర్వపడ్డాను, ఆ రాత్రి నాకు నిద్ర మాత్రం పట్టలేదు. నువ్వు పనిచేయబోయే బ్లాకులో వాడే ప్రధానమైన సాల్వెంటు, అంటే పదార్థాలను కరిగించే ద్రవం, టోలుయిన్ అని విన్నాను. జీడిమెట్లలో నా ఉద్యోగమంతా దాదాపు దాని పక్కనే గడిచింది. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అగ్గిపెట్టె, సెల్‌ఫోను గేటు దగ్గరే వదిలి వెళ్లాలి. గ్లౌజులు, కళ్లజోడు లేకుండా వాల్వు ముట్టుకోకూడదు. ఫ్లేమ్‌ప్రూఫ్ కాని టార్చిలైటును బ్లాకులోకి రానివ్వకూడదు. పర్మిట్ లేకుండా వెల్డింగ్ జరగనివ్వకూడదు. ఇవన్నీ శిక్షణలో చెబుతారు కాబట్టి నేను వాటి జోలికి పోను.

శిక్షణలో ఒక వాక్యంతో దాటేసే విషయం ఒకటుంది, దానితోనే మొదలుపెడతాను. టోలుయిన్ ఫ్లాష్ పాయింటు, అంటే అంటుకోగలిగినంత ఆవిరి లేవడం మొదలయ్యే వేడి, 4 డిగ్రీలని, గాలిలో దాని ఆవిరి సుమారు 1.1 శాతం నుంచి 7.1 శాతం వరకు ఉంటే అంటుకుంటుందని నువ్వు పుస్తకంలో చదివే ఉంటావు. ఇప్పుడు ఎమ్మెస్సీలో నేర్చుకున్న ఆవిరి పీడనం లెక్క ఒకసారి వేసి చూడు. 25 డిగ్రీల దగ్గర మూసిన పాత్రలో టోలుయిన్ పైన నిండే ఆవిరి దాదాపు 3.7 శాతం ఉంటుంది, అంటే ఆ హద్దులకు సరిగ్గా మధ్యన. పెట్రోలు ట్యాంకులో అయితే ఆవిరి మరీ చిక్కగా ఉండి, అంటుకోవడానికి చాలినంత గాలి సాధారణంగా ఉండదు. టోలుయిన్ సంగతి అలా కాదు. మన వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండే ఎండా చలీ దానికి అచ్చంగా సరిపోతాయి. గాలిని బయటికి నెట్టే నైట్రోజన్ లేని టోలుయిన్ పాత్ర మన ఊళ్లలో దాదాపు ఎప్పుడూ పేలడానికి సిద్ధంగానే ఉంటుంది, నిప్పురవ్వ ఒక్కటే తక్కువ.

ఆ నిప్పురవ్వకు అగ్గిపుల్ల అక్కర్లేదని నీకు నచ్చజెప్పడానికే ఈ ఉత్తరం. టోలుయిన్ విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వదు. పైపులో పారేటప్పుడు, ఫిల్టరులోంచి దూరేటప్పుడు, పైనుంచి ధారగా పడేటప్పుడు, రియాక్టరు లోపల కలిపే తెడ్డు, అదే స్టిర్రర్, తిప్పేటప్పుడు దానిలో స్థిర విద్యుత్తు పుడుతుంది, పుట్టింది వెంటనే పోదు. అదే టోలుయిన్ గ్లాస్ లైన్డ్ రియాక్టరులో ఉంటే లోపలి గాజు పూత కూడా ఆ విద్యుత్తును భూమిలోకి పోనివ్వదు. టోలుయిన్ ఆవిరిని అంటించడానికి 0.24 మిల్లీజౌళ్ల శక్తి చాలు. చలికాలంలో తలుపు గడియ ముట్టుకుంటే చేతికి చురుక్కుమంటుందే, ఆ మెరుపులో దానికి ఎన్నో రెట్ల శక్తి ఉంటుంది. కనుక నీ చేతికి తెలియనంత చిన్న మెరుపు కూడా అక్కడ నిప్పే.

ఈ లెక్క నాకు కాగితం మీద ముందే తెలుసు, కళ్లారా చూసింది మాత్రం ఒక జనవరి నెల నైట్ షిఫ్టులో. ఆ కంపెనీ పేరు నీకు అవసరం లేదు. మా బ్లాకులో నాకంటే వయసులో పెద్దవాడైన ఆపరేటరు ఒకాయన ఉండేవాడు, శ్రీకాకుళం వైపు మనిషి, అందరం ఆయన్ను అన్నా అనే పిలిచేవాళ్లం. ఏ పని ఏ వరసలో చేయాలో రాసి ఉండే బ్యాచ్ రికార్డు ప్రకారం ముందు ఖాళీ రియాక్టరులో పౌడరు వేసి, పైనున్న మ్యాన్‌హోల్ మూసి, నైట్రోజన్ పట్టి, ఆ తర్వాత టోలుయిన్ తీసుకోవాలి. అలా చేస్తే పౌడరు అడుగున గడ్డకట్టి స్టిర్రర్ పట్టేస్తోందని, కొన్ని బ్యాచ్‌ల ముందు షిఫ్టు ఇన్‌ఛార్జి ఆ వరస తిప్పేశాడు. ముందు టోలుయిన్, స్టిర్రర్ తిరుగుతుండగా పైనుంచి పౌడరు. పని తేలికైంది, గడ్డలు కట్టలేదు, అందరికీ నచ్చింది. తిప్పిన వరసను ఎవరూ కాగితం మీద పెట్టలేదు, భద్రతా విభాగాన్ని అడగలేదు. కొన్ని బ్యాచ్‌లు ఏ గొడవా లేకుండా దిగడంతో, అదే అసలు పద్ధతి అన్నట్టు అయిపోయింది.

ఆ రాత్రి అన్న చివరి సంచి కూడా వేసేశాడు. సంచి లోపలి పాలిథిన్ కవరుకు కాస్త పౌడరు అంటుకుని ఉంటే, వృథా పోకూడదని కవరును తిరగేసి మ్యాన్‌హోల్ మీద రెండు మూడుసార్లు గట్టిగా విదిలించాడు. అలా విదిలించినా పుట్టేది ఆ స్థిర విద్యుత్తే. నేను అప్పుడు కింది అంతస్తులో సెంట్రిఫ్యూజ్ దగ్గర ఉన్నాను. పెద్ద చప్పుడేమీ కాలేదు, బరువైన దుప్పటిని ఒక్కసారి దులిపినట్టు వినిపించింది. మెట్లెక్కి వెళ్లేసరికి మ్యాన్‌హోల్ నోట్లోంచి మంట నిలువుగా లేస్తోంది, అన్న రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని రెయిలింగుకు ఆనుకుని ఉన్నాడు. ఆయన వేసుకున్నది టెరికాటన్ చొక్కా, చేతుల మీద అది కరిగి చర్మానికి అతుక్కుపోయింది. ఎవరో పరుగున మంటలార్పే సిలిండరు తెచ్చి కొట్టడంతో మంట ఆరింది. లోపలికి నైట్రోజన్ వెళుతూనే ఉందని ఆ తర్వాత విచారణలో ఇన్‌ఛార్జి పదేపదే చెప్పాడు. వెళుతూనే ఉండవచ్చు, కానీ మ్యాన్‌హోల్ బార్లా తెరిచి, పడుతున్న పౌడరుతో పాటు గాలి కూడా లోపలికి పోతుంటే ఆ సన్నని నైట్రోజన్ ఎవరిని కాపాడుతుంది? అన్న బతికాడు. మళ్లీ చొక్కా గుండీలు తనంతట తాను పెట్టుకోలేకపోయాడు. ఆయన్ను ఆసుపత్రిలో చూసి వచ్చిన వాళ్లెవరికీ ఆ కంపెనీలో వరస తిప్పే ధైర్యం మళ్లీ రాలేదు.

అందుకని తల్లీ, తెరిచిన మ్యాన్‌హోల్ ద్వారా టోలుయిన్ మీద పౌడరు వేయమని ఎవరు చెప్పినా వేయకు, నీ కింద పనిచేసే వాళ్లను వేయనివ్వకు. పౌడరు ముందు వేయడం కుదరకపోతే గాలి చొరబడకుండా వేసే పరికరాలు ఉంటాయి, లేదంటే పౌడరును వేరే పాత్రలో నైట్రోజన్ కింద కలిపి పంపుతో పంపే దారి ఉంటుంది. ఖర్చు వాళ్లది, చేతులు మనవి. బ్యాచ్ రికార్డులో లేని చిన్న మార్పు కూడా సంతకాలు అయ్యాకే జరగాలి. "నిన్నటి షిఫ్టులో ఇలాగే చేశారు" అనేది కారణం కాదు.

డ్రమ్ములోంచి టోలుయిన్ తీసేటప్పుడు మూత తీయకముందే, విద్యుత్తును భూమిలోకి పంపే ఎర్తింగ్ క్లిప్పు పెట్టాలి, మూత వేశాకే తీయాలి. క్లిప్పు పళ్లు రంగు మీద కరిస్తే లాభం లేదు, ఇనుము తగలాలి. నేనైతే క్లిప్పు పెట్టి ఒకసారి అటూ ఇటూ తిప్పేవాణ్ణి, రంగు గీసుకుపోయి లోపలి లోహం మెరిసేవరకు. ప్లాస్టిక్ బకెట్టులోకి టోలుయిన్ పట్టడం కళ్లబడితే అక్కడికక్కడే ఆపించు. నైలాను తాడు కట్టిన స్టీలు డబ్బాతో శాంపిల్ తీయడం అంతకంటే చెడ్డది, ఎందుకంటే ఆ డబ్బా విద్యుత్తును పట్టుకుంటుందే కానీ వదిలే దారి దానికి లేదు. పైపు కొన మునిగేదాకా టోలుయిన్ వేగం సెకనుకు ఒక మీటరు దాటకూడదు, ఆలస్యమైందని పంపు పెంచమంటే పెంచవద్దు. సముద్రం పక్కన గాలిలో తేమ ఉంటుంది కదా అని నీ స్నేహితులెవరైనా ధీమా చెబుతారు. ఆ తేమ నీ ఒంటి మీద, నేల మీద పేరుకునే విద్యుత్తుకు కొంత విరుగుడు, టోలుయిన్ లోపల పుట్టినదానికి కాదు.

ముక్కును కూడా నమ్మకు. మొదటిరోజు ఆ తియ్యటి వాసన తల తిరిగేలా అనిపిస్తుంది, వారం తిరిగేసరికి అసలు తెలియదు. వాసన పోయిందంటే ముక్కు అలవాటు పడిందని అర్థం, ఆవిరి పోయిందని కాదు. షిఫ్టు చివర తలనొప్పి, మత్తు, చిన్న విషయానికి చిరాకు మొదలైతే మీటరు పెట్టి కొలిపించు. చేతులకు అంటిన మరకలను టోలుయిన్‌తో కడుక్కునే వాళ్లు ప్రతి ప్లాంటులోనూ ఉంటారు, నువ్వు వాళ్లలో ఒకదానివైతే నేనే వచ్చి నీ మేనేజరు ముందు కోప్పడతాను. దాని ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు, నేల మీద పాకి కాలువల్లోకి, కింది అంతస్తులోకి దిగుతుంది. 2024 ఆగస్టు 21న, మీ పరవాడకు దగ్గరలోని అచ్యుతాపురం సెజ్‌లో 17 మంది ప్రాణాలు పోయినప్పుడు కారినది వేరే సాల్వెంటు, మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్. అక్కడా మనుషుల్ని చంపింది కమ్ముకున్న ఆవిరే. ఆ రోజు టీవీ ముందు నుంచి నేను లేవలేకపోయాను, ఈ రోజు నీ గురించి ఇంత చాదస్తంగా రాయడానికి అదీ ఒక కారణం.

రియాక్టరు లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే నీ మనసు వెంటనే దూకమంటుంది. దూకకు. లోపల నైట్రోజన్ ఉంటే రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు, కాపాడబోయిన రెండో మనిషి మొదటివాడి మీదే పడతాడు. అలారం కొట్టి, గాలి సిలిండరు తగిలించుకున్న వాళ్లను పంపాలి. నీది చిన్నప్పటి నుంచి మెత్తటి మనసు, కాలువలో పడ్డ కుక్కపిల్ల కోసం నువ్వు దిగిన సంగతి నాకు గుర్తుంది, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ప్రమాదం ఉందని అనిపిస్తే పని ఆపమని చెప్పడానికి మొహమాటపడకు. కొత్తగా చేరిన అమ్మాయి అని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే, భోపాల్ తర్వాత 1987లోనే అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ సెక్షన్ చేర్చి, ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కును కార్మికులకు ఇచ్చారని చెప్పు. పేరు చెడుతుందేమో అని భయపడితే ఆ భయాన్ని నాకు వదిలెయ్యి.

మీ అమ్మ నీకోసం పాలిస్టరు చుడీదార్లు కొని పెట్టిందట. వాటిని ఊరికి, పెళ్లిళ్లకు ఉంచుకుని, ప్లాంటుకు లోపలి బట్టలతో సహా నూలువే కట్టుకో, చున్నీ వద్దు. యాంటీస్టాటిక్ బూట్లు కంపెనీయే ఇవ్వాలి, ఇచ్చేదాకా ప్లాంటు లోపలికి అడుగుపెట్టకు. నూలు బట్టలు నాలుగు జతలు ఇక్కడ కుట్టిస్తాను, నీ కొలతలు అమ్మ చేత ఆదివారంలోగా పంపించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య