డిగ్రీ అయ్యాక నర్సింగ్‌లోకి దారేది?

ఇంటర్ అయిన వెంటనే నర్సింగ్‌లో చేరడం ఎలాగో చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. వేరే డిగ్రీ చేతిలో పెట్టుకుని, పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో ఇటు రావాలనుకునేవాళ్లకే సరైన జవాబు దొరకడం లేదు. ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ అవే. ఒకేలాంటివి కలిపి అయిదు ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: బీజడ్‌సీ గ్రూపుతో బీఎస్సీ చేశాను, 68 శాతం వచ్చింది. ఇంటర్ బైపీసీ. విదేశాల్లో ఏ డిగ్రీ చేసినవాళ్లయినా నేరుగా ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరొచ్చట కదా, అదే నెల్లూరులో చేరలేనా మేడం?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చేరలేరమ్మా. మన దగ్గర ఎమ్మెస్సీ నర్సింగ్ అంటే అప్పటికే నర్సు అయినవాళ్లు చదివే పై చదువు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ నర్సింగ్ గానీ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ గానీ 55 శాతంతో పాసై ఉండాలి, రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఏడాది పని అనుభవం ఉండాలి. మీ బీజడ్‌సీ డిగ్రీకి ఇందులో చోటు లేదు. విదేశాల్లో అదే పేరుతో ఉన్న కొన్ని కోర్సులు నర్సు కానివాళ్లను నర్సును చేసేవి. పేరు ఒకటే, సరుకు వేరు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ఇక్కడే చదవాలంటే మీకు పనికొచ్చేది డిగ్రీ కాదు, ఇంటర్ మార్కుల మెమో. బైపీసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం, ఇంగ్లిష్ పాస్ ఉంటే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు అర్హత ఉంటుంది. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అయితే మూడేళ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపయినా 40 శాతం ఉంటే సరిపోతుంది, వయసు 35 దాటకూడదు. డిగ్రీ చేశారు కదా అని రెండిట్లోనూ ఒక్క సెమిస్టర్ కూడా తగ్గించరు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఉద్యోగం ఒక ఏడాది, ఎమ్మెస్సీ రెండేళ్లు, వెరసి ఏడేళ్లు. ఇరవై మూడేళ్ల వయసులో మొదలుపెట్టేవారికి ఇది మరీ దూరమేమీ కాదు.

ఒక్క మాట. ‘బెంగళూరులో సీటు, హాజరు అక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. నర్సింగ్ చదువులో సగానికి సగం వార్డులోనే జరుగుతుంది. ఆ గంటలు లేకుండా వచ్చిన సర్టిఫికెట్‌తో మంచం పక్కన నిలబడితే మొదటి రోజే బయటపడుతుంది. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, బీఎస్సీ అయితే యూనివర్సిటీ అఫిలియేషన్ ఉన్నాయో లేదో, మీరు చేరే సంవత్సరానికి ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈలో బీటెక్ చేసింది. పెళ్లయి హెచ్‌4 వీసా (హెచ్‌1బీ ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద అమెరికాలో ఉంది. అక్కడ నర్సింగ్ చదువుతానంటోంది. ఏడాదిన్నరలో అయిపోయే రెండో బీఎస్సీ మేలని కొందరు, మాస్టర్స్ మేలని కొందరు అంటున్నారు. వీసా అడ్డొస్తుందేమోనని మా భయం.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ముందు వీసా సంగతే చూద్దామమ్మా, ఎందుకంటే తక్కినదంతా దానిమీదే ఆధారపడి ఉంది. హెచ్‌4 మీద చదువుకోవచ్చు. క్లినికల్స్‌కు, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణకు, జీతం ఉండదు గనక అవీ చేయొచ్చు. చదువయ్యాక ఉద్యోగానికి మాత్రం పని అనుమతి కావాలి. మీ అల్లుడుగారికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) అప్రూవ్ అయిందా అని అడగండి. అయి ఉంటే 2015 నుంచి ఉన్న నిబంధన కింద అమ్మాయి హెచ్‌4 ఈఏడీకి, అంటే ఆ పని అనుమతి కార్డుకు, దరఖాస్తు చేసుకోవచ్చు, నర్సుగా చేరొచ్చు. అప్రూవ్ కాకపోతే ఎఫ్1 విద్యార్థి వీసాకు మారితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. అందులో చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. నర్సింగ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు కాబట్టి బీటెక్ పిల్లలకు దొరికే 24 నెలల పొడిగింపు దీనికి రాదు. ఆ తర్వాత హెచ్‌1బీ కూడా మామూలు నర్సు ఉద్యోగానికి కష్టం. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతోనూ అక్కడ నర్సు కావొచ్చు గనక, డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగంగా దాన్ని లెక్కించరు. గ్రీన్‌కార్డులో నర్సులకు షెడ్యూల్ ఎ కింద లేబర్ సర్టిఫికేషన్ నుంచి మినహాయింపు ఉన్నా, నర్సులు వచ్చే ఈబీ-3 కేటగిరీలో మనవాళ్ల వరస పదేళ్లకు పైబడి ఉంది. ఐ-140 లేకుండా లక్షల ఫీజు కట్టడం తొందరపాటే అవుతుంది.

ఇక కోర్సులు. రెండిటి చివరా రాసేది ఒకటే పరీక్ష, నర్సు లైసెన్సుకు పెట్టే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. కనీసం 85, గరిష్ఠం 150 ప్రశ్నలు, అయిదు గంటలు, ఫీజు 200 డాలర్లు. జవాబులను బట్టి కంప్యూటరే తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. 85 దగ్గరే ఆగిపోయిందని కంగారుపడే పిల్లలున్నారు, పాసైనవాళ్లకూ అక్కడే ఆగుతుంది. రెండో బీఎస్సీ, అంటే యాక్సిలరేటెడ్ కోర్సు, 11 నుంచి 18 నెలలు. వేరే డిగ్రీవాళ్లు నేరుగా చేరే డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్ కొన్నిచోట్ల రెండేళ్లలోపు, నర్స్ ప్రాక్టీషనర్ (మందులు రాసే నర్సు) వరకు తీసుకెళ్లేవయితే మూడేళ్లు. ఇది కొత్తగా పుట్టిందేమీ కాదు, యేల్ యూనివర్సిటీలో 1974 నుంచి ఉంది.

ఇందులో జనం పొరపాటు పడేది ఒకచోట. రెండేళ్లలోపు అయ్యే మాస్టర్స్ చాలావరకు జనరలిస్ట్ డిగ్రీ. అది చదివితే మాస్టర్స్ ఉన్న నర్సు అవుతారు గానీ మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్ కారు. దానికి మళ్లీ పోస్ట్ మాస్టర్స్ సర్టిఫికెట్ చదవాలి. వార్డులో తొలి ఉద్యోగానికి బీఎస్సీవాళ్లనూ వీళ్లనూ చాలా ఆసుపత్రులు ఒకే స్కేలులో తీసుకుంటాయి. అందుకని మా లెక్కలో, త్వరగా ఉద్యోగంలో పడాలంటే రెండో బీఎస్సీ చాలు. ప్రాక్టీషనరే కావాలనుకుంటే అది కోర్సులోనే ఉన్న మూడేళ్ల మాస్టర్స్ చూసుకోవాలి. మధ్యరకం దానికి ఎక్కువ ఫీజు కట్టడం దండగ. ఏది ఎంచుకున్నా నర్సింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థలు సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ ఇచ్చిన గుర్తింపు, ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం ఉండాలి.

చేరేముందు పూర్తిచేయాల్సిన సబ్జెక్టులున్నాయి. అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ (ఇవి ల్యాబుతో సహా), స్టాటిస్టిక్స్, మనిషి ఎదుగుదల గురించిన సైకాలజీ, న్యూట్రిషన్. అన్ని కాలేజీలూ అన్నీ అడగవు. బీటెక్‌లో చదివిన ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపరు అక్కరకు రావొచ్చు. మిగతావి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చదివితే ఖర్చు తక్కువ. అనాటమీ మొదటి భాగం పాసయితే గానీ రెండోది ఇవ్వరు కాబట్టి తక్కువలో తక్కువ రెండు సెమిస్టర్లు పడుతుంది. ఆన్‌లైన్ ల్యాబును ఒప్పుకోని యూనివర్సిటీలున్నాయి, ముందే అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోవాలి. సైన్సులో బీ గ్రేడు కంటే తగ్గితే చాలాచోట్ల దరఖాస్తు పక్కన పడేస్తారు, రెండోసారి కంటే ఎక్కువ రాయనివ్వరు. ఒక సెమిస్టర్‌లో అనాటమీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ మూడూ ఎత్తుకుని గ్రేడ్లు పోగొట్టుకోవడం కంటే ఒక సెమిస్టర్ ఆలస్యమైనా మేలు.

బీటెక్ మార్కుల మదింపుకు యూనివర్సిటీ నుంచి సీలు వేసిన కవరులో ట్రాన్‌స్క్రిప్టులు వెళ్లాలి. వాటికోసం మీరే తిరగాల్సి రావొచ్చు, ఇప్పుడే దరఖాస్తు పెట్టేయండి. ఇంకొకటి, ఈఏడీ లేని హెచ్‌4 వాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు. నర్సు లైసెన్సుకు కొన్ని రాష్ట్రాలు అది తప్పనిసరి అంటాయి. కాలిఫోర్నియాలో ఐటిన్ నంబరుతో (పన్ను కోసం ఇచ్చేది) పని జరుగుతుంది. అమ్మాయి ఉన్న రాష్ట్రం బోర్డు ఏమంటుందో ఫీజు కట్టకముందే చూసుకోమనండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, సింగరాయకొండ వైపు రొయ్యపిల్లల హ్యాచరీ ల్యాబులో అయిదేళ్లుగా పనిచేస్తున్నాను. రోజూ విబ్రియో బ్యాక్టీరియా ప్లేట్లు పెట్టి కౌంట్ చూడటమే పని. ఈ అనుభవం విదేశాల్లో నర్సింగ్ మాస్టర్స్ అడ్మిషన్‌లో లెక్కకొస్తుందా సార్?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చదువు లెక్కకొస్తుంది, ఉద్యోగం రాదు. విబ్రియోను పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద పసుపు కాలనీలు, పచ్చ కాలనీలు వేరుచేసి చూసే కంటికి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పాఠం చిటికెలో ఎక్కుతుంది, అందులో అనుమానం లేదు. కానీ అడ్మిషన్ కమిటీకి కావాల్సింది మనిషిని చూసుకున్న అనుభవం. స్నానం చేయించడం, తినిపించడం, బోర్లించి పడుకోబెట్టడం, మతిమరుపు ఉన్న పెద్దాయన పక్కన కూర్చోవడం లాంటివి.

మీ ఎమ్మెస్సీ మార్కుల పత్రంలో ల్యాబుతో కూడిన జనరల్ లేదా మెడికల్ మైక్రోబయాలజీ పేపరు ఉంటే అమెరికాలో ఆ ఒక్క సబ్జెక్టు మాఫీ కావొచ్చు. సిలబస్ కాపీ మీద కాలేజీ సంతకం, ముద్ర తీసుకుని పంపండి. అయిదేడేళ్లు దాటిన సైన్సు మార్కులను తోసిపుచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి, మీరు ఆ గీతకు దగ్గర్లోనే ఉన్నారు. జంతు శరీరధర్మం పేపర్లు మాత్రం మానవ అనాటమీకి బదులు చెల్లవు. సెలవు రోజుల్లో వృద్ధాశ్రమంలోనో పాలియేటివ్ కేర్ కేంద్రంలోనో పనిచేసి ఉత్తరం తీసుకోండి. తేదీలు, మొత్తం గంటలు, చేసిన పనులు, పర్యవేక్షించిన నర్సు సంతకం ఉండాలి. ‘మంచి నడవడిక గలవాడు’ అని ఊరికే రాసిచ్చిన కాగితానికి విలువ లేదు.

ప్రశ్న: మా పాప బీఫార్మసీ. యూకేలో ఏడాది ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే తర్వాత ఓఎస్‌సీఈ (ప్రాక్టికల్ పరీక్ష) రాసి నర్సు అయిపోవచ్చని కన్సల్టెన్సీవాళ్లు చెప్పి డిపాజిట్ అడుగుతున్నారు. కట్టమంటారా?
– ఒక తండ్రి, కనిగిరి

జవాబు: కట్టకండి సార్. ఏడాదిలో అయ్యే ఎమ్మెస్సీ నర్సింగ్‌లు అప్పటికే నర్సులైనవాళ్ల కోసం పెట్టినవి. వాటితో అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ (ఎన్‌ఎంసీ)లో రిజిస్ట్రేషన్ రాదు. సీబీటీ (కంప్యూటర్ పరీక్ష), ఓఎస్‌సీఈ పరీక్షలు వేరే దేశంలో నర్సింగ్ చదివి వచ్చినవాళ్లకు. ఫార్మసీ డిగ్రీతో వాటికి కూర్చోనివ్వరు.

మీ పాపకు కావాల్సిన కోర్సు పేరులో ‘ప్రీ-రిజిస్ట్రేషన్’ అన్న మాట ఉండాలి. అది రెండేళ్లు. అడల్ట్, చైల్డ్, మెంటల్ హెల్త్, లెర్నింగ్ డిజెబిలిటీ అని నాలుగు శాఖలు, చేరేటప్పుడే ఎంచుకోవాలి. ఆ దేశంలో నర్సు కావడానికి మొత్తం 4,600 గంటలు కావాలి, సగం తరగతి, సగం ప్లేస్‌మెంట్ (అంటే ఉద్యోగం కాదు, రోగుల దగ్గర శిక్షణ). మూడేళ్ల చదువు రెండేళ్లలో ఎలా అవుతుందంటే, ముందు చదివినదాన్ని, చేసినదాన్ని చూసి గరిష్ఠంగా సగం వరకు మినహాయిస్తారు. ఫార్మసీ చదువు తరగతి గంటల వైపు ఉపయోగపడుతుంది. ప్లేస్‌మెంట్ వైపు మినహాయింపుకు రోగుల సంరక్షణ గంటలు చూపాలి. మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడిన గంటలు దానికి సరిపోవు. విదేశీ విద్యార్థులను ఈ కోర్సులో అసలే తీసుకోని యూనివర్సిటీలూ ఉన్నాయి.

కన్సల్టెన్సీవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ కోర్సు ఎన్‌ఎంసీ ఆమోదించిన జాబితాలో ఏ పేరుతో ఉంది, చూపించండి.’ ఆ జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో అయితే దీన్నే గ్రాడ్యుయేట్ ఎంట్రీ మాస్టర్ ఆఫ్ నర్సింగ్ అంటారు, అదీ రెండేళ్లే, కనీసం 800 గంటల ప్లేస్‌మెంట్ ఉంటుంది.

ప్రశ్న: బీకామ్ చదివాను. లెక్కలు వస్తాయి గానీ సైన్సు పదో తరగతితో ఆగిపోయింది. మందుల మోతాదు లెక్కలు చాలా కష్టమంటారు. నర్సింగ్ చదవడానికి విదేశాలకు వెళ్లేముందు ఇక్కడ చేసుకోవాల్సిన పనులేమన్నా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: లెక్క చిన్నదే, తప్పుకు మాత్రం చోటు లేదు. యూకేలో కోర్సు ముగిసేలోగా ఈ లెక్కల పరీక్షలో నూటికి నూరు రావాలి. ఒకటి చేసి చూడండి. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. 1,000ని 8తో భాగిస్తే గంటకు 125 మి.లీ. 125ను 20తో గుణిస్తే 2,500 చుక్కలు, 60తో భాగిస్తే నిమిషానికి 41.67, అంటే 42 చుక్కలు. బీకామ్ అబ్బాయికి ఇది నీళ్లు తాగినంత పని. పిల్లలు తప్పేది భాగహారంలో కాదు, సెట్టు కవరు మీద సంఖ్య చూడకపోవడంలో. అదే సెలైన్‌ను 60 చుక్కల మైక్రో సెట్టుతో పెడితే నిమిషానికి 125 చుక్కలు. మిల్లీగ్రాము, మైక్రోగ్రాము తారుమారు చేస్తే మోతాదు వెయ్యి రెట్లు తప్పుతుంది, అక్కడ జాగ్రత్త. సైన్సు కోసం ఇంటర్ బైపీసీ జువాలజీలో మానవ శరీరం పాఠాలు ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇక్కడ చేసుకోవాల్సిన పని టీకాలు. ప్లేస్‌మెంట్‌కు ముందు అన్ని దేశాలూ అడుగుతాయి. హెపటైటిస్ బి మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. వీసా వచ్చాక మొదలుపెడితే మధ్యలో ఆగిపోతుంది. మూడో డోసు అయిన నెలా రెండు నెలల్లో యాంటీబాడీ రక్తపరీక్ష చేయించండి, మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసుల మధ్య 28 రోజులు ఉండాలి. ఆటలమ్మ చిన్నప్పుడు పోసిందని అమ్మ చెబితే చాలదు, రక్తపరీక్ష కాగితం కావాలి. టీబీకి చర్మం మీద చేసే పరీక్ష కాకుండా ఇగ్రా రక్తపరీక్ష అడగండి. మనందరికీ పుట్టగానే బీసీజీ వేసి ఉంటారు గనక చర్మ పరీక్షలో లేని టీబీ ఉన్నట్టు వచ్చి, ఛాతీ ఎక్స్‌రేలంటూ తిప్పుతారు. ఇగ్రా మీద బీసీజీ ప్రభావం ఉండదు.