బడిలో జరిగే డిటెక్టివ్ నవల: క్లూ ఎక్కడ దాచాలి?

నాలుగు, ఐదు తరగతుల పిల్లల కోసం బడిలోనే జరిగే డిటెక్టివ్ నవల రాస్తున్నాను, నవ్వూ రావాలి, మిస్టరీ కూడా చెడకూడదు, ఎట్లా అని అడిగారు. నేను అనంతపురం జిల్లాలో సర్కారు బడి పంతులును. ఆఖరి పీరియడ్లలో ఇలాంటి కథే సీరియల్‌గా చెప్పాను. గట్టిగా చెప్పగలిగింది ఒకటే: క్లూని నవ్వులో దాచండి. నవ్వే పిల్లలకు అనుమానం రాదు.

మా కథలో పోయింది చిక్కీల పెట్టె. మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడు రోజులు చిక్కీ తినే పిల్లలకు అదెంత ఘోరమో వేరే చెప్పక్కర్లేదు. మొదటి అధ్యాయంలోనే ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు మైకులో అరుస్తాడు: "ఆఫీసు తాళాలు ఎవురు తీసినార్రా?" తాళాల గుత్తి ఆయన చిటికెన వేలికే వేలాడుతుంటుంది. ఆ గలగల మైకులో బడంతా వినిపిస్తుంది. క్లాసు పొట్ట పట్టుకుని నవ్వింది. ఎలుకల భయంతో పెట్టెను బీరువాలో పెట్టి మర్చిపోయింది ఆయనేనని చివర్లో తేలగానే వెనక నుంచి ఒకడు లేచి, "సార్, ఫస్టు రోజే చెప్పినారు కద సార్!" అన్నాడు. ఆ మాట అనిపించుకోవాలి మీ నవల.

దొంగ కథ మొదట్లోనే కనపడి ఉండాలని 1929లో ఇంగ్లండు రచయిత రోనాల్డ్ నాక్స్ ఒక నియమం పెట్టాడు. పిల్లల నవలకు అది మరీ ముఖ్యం. చివరి పేజీలో కొత్తవాణ్ని పట్టుకొచ్చి వీడే దొంగ అంటే వాళ్లు ఒప్పుకోరు.

పరిశోధన చేసే పిల్ల మాత్రం చాలా సీరియస్‌గా ఉండాలి. మా ఐదో తరగతి డిటెక్టివ్ అందర్నీ వరసలో నిలబెట్టి "ఆ అనండప్పా" అని పళ్లు చూస్తుంది. ఆ రోజు చిక్కీ ఇచ్చిన రోజే! అందరి పళ్లలోనూ చెనక్కాయ ముక్కలే. ఆ పిల్ల నవ్వదు, వంటామె పేరుతో సహా అందర్నీ నోటుబుక్కులో ఎక్కిస్తుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దండీ. ఆకలేసి తిన్న పిల్లాణ్ని దొంగగా చూపించొద్దు. లావును, నత్తిని నవ్వులాట చేయొద్దు. వినేవాళ్లలో అలాంటి బిడ్డ తప్పకుండా ఉంటుంది.

రాసిన అధ్యాయాన్ని పిల్లలకు చదివి వినిపించి, ఎవరి మీద అనుమానమో అడగండి. ఎక్కువ మంది అసలు దొంగ పేరే చెబితే, ఆ క్లూ పక్కన ఇంకో నవ్వు పెట్టండి.