ప్యానెల్ కింద దీపాలు కట్టేముందు

చిన్నీ,

నువ్వు ఇంట్లో కడుతున్న ఆర్కేడ్ మిషన్ (నిలబడి బటన్లు, జాయ్‌స్టిక్‌తో ఆడే వీడియో గేమ్) ఫొటోలు చూశాను. ప్లైవుడ్ పని బాగా కుదిరింది, అంచులకు టీ-మోల్డింగ్ ప్లాస్టిక్ పట్టీ కూడా నీటుగా ఎక్కించావు. అందులో నేను వంక పెట్టడానికేం లేదు. కానీ బటన్లు బిగించే ప్యానెల్ తిరగేసి తీసిన ఫొటోలో వైర్లన్నీ బెత్తెడు బెత్తెడు చొప్పున కత్తిరించి పేర్చుకున్నావు చూడు, అది చూశాకే ఈ ఉత్తరం మొదలెట్టాను. ఆ ముక్కలు పక్కన పడెయ్. మళ్లీ కత్తిరించుకుందాం.

విజయవాడలో వీడియో గేమ్స్ షాపులో మెకానిక్‌గా చేసిన రోజుల్లో నేనూ అలాగే పొదుపు చేశాను. అప్పట్లో మిషన్లకు జామ్మా హార్నెస్ ఉండేది, అంటే బటన్లనూ స్క్రీన్‌నీ గేమ్ బోర్డుకు కలిపే వైర్ల కట్ట, కొసన 56 పిన్నుల కనెక్టరు. అందులో ఒక్కో ఆటగాడికి మూడు బటన్లే. స్ట్రీట్ ఫైటర్ వచ్చాక ఆరు కావాల్సి వచ్చి, మిగతా మూడింటికి విడిగా వైర్లు లాగాను. సరిగ్గా ఎంత దూరమో అంతే పొడవు, అన్నీ ఒకటే రంగు. సంక్రాంతి సెలవుల్లో ఒక బటన్ పనిచెయ్యడం మానేసింది. ప్యానెల్ పైకెత్తానో లేదో ఇంకో నాలుగు లగ్గులు (వైరు కొసన నొక్కి, బటన్ కాలికి తొడిగే రేకు ముక్కలు) ఊడొచ్చాయి. ఏది ఎక్కడిదో తెలీదు. వెనకాల పిల్లలు చేతుల్లో రూపాయి బిళ్లలు గలగలలాడిస్తూ నిలబడ్డారు. గంటన్నర పట్టింది. ఆ రోజు ఓనరుతో తిన్న తిట్లు మీ అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

ప్యానెల్ బిగించేది ఒక్కసారి, విప్పేది ఎన్నిసార్లో నీకే తెలీదు. అందుకని ప్రతి వైరూ ప్యానెల్‌ని పూర్తిగా వెనక్కి తిరగేసి పడుకోబెట్టినా లాగకుండా ఉండేంత పొడవు ఉంచు. రెండు జానలు ఎక్కువైనా ఫరవాలేదు, కేబుల్ టై వేసి కీలు ఉన్న వైపుకు తిప్పుకో.

ఇక లెక్క. ఇద్దరు ఆటగాళ్లకు ఆరేసి బటన్లు, స్టార్ట్ రెండు, కాయిన్ రెండు, మొత్తం 16. ఆర్‌జీబీ బటన్, అంటే లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలున్నది, ఒక్కోటి మూడు అవుట్‌పుట్లు తింటుంది, అంటే 48. నువ్వు కొన్న ఎల్‌ఈడీ-విజ్‌కి, దీపాలను వెలిగించి ఆర్పే ఆ యూఎస్‌బీ బోర్డుకి, ఉన్నవి 32. ఇది చూసి నువ్వు రెండో బోర్డు ఆర్డర్ పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆగు. ఆ బోర్డులో ఒక్కో అవుట్‌పుట్ 500 మిల్లీయాంపుల దాకా తట్టుకుంటుంది. నీ బటన్‌లో ఒక్కో రంగు తీసుకునేది సుమారు 20. కాబట్టి ఒకటో ఆటగాడి మొదటి బటన్‌నీ రెండో ఆటగాడి మొదటి బటన్‌నీ రంగుకు రంగు ఒకే అవుట్‌పుట్ మీద పక్కపక్కన కలిపెయ్. మిగతా ఐదు జంటలూ అంతే. ఆరు జంటలకు 18 అవుట్‌పుట్లు చాలు. స్టార్ట్, కాయిన్ బటన్లలో తెల్ల దీపం ఒక్కటే పెట్టుకుంటే ఇంకో నాలుగు. మొత్తం 22, పది మిగులు. నష్టమల్లా ఇద్దరి బటన్లూ ఎప్పుడూ ఒకే రంగులో వెలుగుతాయి. ఆడేటప్పుడు అటు చూసేదెవరు? లేదు, ఎవరిది వాళ్లకు వేరు రంగు కావాల్సిందే అంటావా, 64 అవుట్‌పుట్ల ప్యాక్‌ఎల్‌ఈడీ64 ఉంది. కానీ అది ఒక్కో ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు తనే కొలిచిచ్చే బోర్డు, దాని మీద ఇలా జంటలు కట్టకూడదు, వెలుతురు పంచుకుపోతుంది. నా మాట వింటే ఉన్నదాంతోనే కానిచ్చెయ్.

కరెంటు దగ్గర మాత్రం పొదుపు వద్దు. అన్నీ తెల్లగా వెలిగినప్పుడు 12 బటన్లు, మూడేసి రంగులు, 20 చొప్పున 720 మిల్లీయాంపులు. తెల్లవి నాలుగు కలిపితే 800. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500. కొన్నాళ్లు వెలుగుతాయి, ఆ తర్వాత ఆట మధ్యలో జాయ్‌స్టిక్ కంప్యూటర్‌కు కనబడకుండా పోతుంది, నువ్వేమో సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటావు. దీపాలకు విడిగా 5 వోల్టులు, 3 యాంపుల అడాప్టర్ పెట్టు. రేకు డబ్బాలో వచ్చే పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) చవక అంటారు గానీ, దాని స్క్రూల దగ్గర 230 వోల్టులు బయటికి ఉంటాయి. మీ ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, వద్దు. అడాప్టర్ ప్లస్ మీద 2 యాంపుల ఫ్యూజు ఒకటి వెయ్యి. అడాప్టర్ గ్రౌండు, బోర్డు గ్రౌండు కలవాలి. యూఎస్‌బీ ప్లస్, అడాప్టర్ ప్లస్ మాత్రం ఒకదానికొకటి తగలకూడదు.

ఈ బోర్డు దీపాలకు ప్లస్ ఇవ్వదు, మైనస్ వైపు కలుపుతుంది, తీస్తుంది. కాబట్టి నీ బటన్లలో ఉమ్మడి కాలు, అంటే మూడు రంగులకూ కలిపి ఉన్న కాలు, ప్లస్ అయ్యుండాలి. ప్యాకెట్ మీద ఏం రాసుందో వదిలేసి నువ్వే చూసుకో. మూడు వోల్టుల కాయిన్ సెల్ తీసుకుని ప్లస్‌కు ఆ ఉమ్మడి కాలు ఆనించి, మైనస్‌తో మిగతా కాళ్లను ఒక్కోటీ తాకు. ఎరుపు కచ్చితంగా వెలుగుతుంది, నీలం, ఆకుపచ్చ మిణుకుమన్నా చాలు, ఒక్కోసారి అసలు వెలగవు, కంగారు పడకు. మీటరు డయోడ్ సెట్టింగ్‌లోనూ ఇదే తంతు.

ఇంకోటి, బటన్ అడుగున చిన్న పచ్చబోర్డు ఉంటుంది, దాన్ని లైటు కింద పెట్టి చూడు. నువ్వుగింజంత నల్లటి ముక్క మీద 151 అనో 101 అనో ఉంటే అది రెసిస్టరు, 150 ఓములు, 100 ఓములు అని అర్థం. అది ఉంటే నిశ్చింత. లేకపోతే ఎరుపుకు 150, నీలం, ఆకుపచ్చలకు 100 ఓములు నువ్వే వెయ్యాలి. ఆ మూడూ ఉమ్మడి కాలికి కాదు, రంగు కాళ్లకు విడివిడిగా. అక్కడ 471 లాంటి పెద్ద అంకె కనిపిస్తే అవి 12 వోల్టుల బటన్లు కావచ్చు. 5 వోల్టుల మీద మసకగా వెలుగుతాయి, అవి వెనక్కి పంపెయ్.

ఉమ్మడి ప్లస్‌కు ఎర్ర వైరు, 0.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ చాలు. బటన్ నుంచి బటన్‌కు దండలా గుచ్చుకుంటూ వెళ్లి, చివరి కొసను మళ్లీ తెచ్చి అడాప్టర్ ప్లస్‌కే కలుపు. మధ్యలో ఒక లగ్గు ఊడినా రెండో వైపు నుంచి కరెంటు వస్తుంది, మిగతా దీపాలు ఆరవు. ఇది నాకు ఆలస్యంగా తట్టింది.

లగ్గులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, కానీ బటన్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లు. స్విచ్ కాళ్లు 4.8 మిల్లీమీటర్లో 2.8 మిల్లీమీటర్లో ఉంటాయి, షాపులో విడిగా చూస్తే ఏదో తేల్చుకోలేవు, ఇంటికొచ్చాక తెలుస్తుంది. కటింగ్ ప్లయర్‌తో నొక్కకు, క్రింపింగ్ ప్లయర్ కొను. నొక్కాక వైరు పట్టుకుని గట్టిగా లాగు. ఊడితే ఇప్పుడే ఊడనీ. బటన్ కాళ్లకు నేరుగా సోల్డరింగ్ చెయ్యకు, ప్లాస్టిక్ కరిగి కాలు వాలిపోతుంది.

స్విచ్ వైర్లు ఎన్‌కోడర్‌కు (బటన్ నొక్కితే కంప్యూటర్‌కు చెప్పే బోర్డు), దీపం వైర్లు ఈ బోర్డుకు, రెండు కట్టలూ ప్యానెల్‌కు చెరో వైపు నడిపించు. ప్రతి వైరు రెండు చివర్లా అంకె ఉన్న స్లీవు తొడుగు. ఏ అంకె ఏ బటన్‌దో, ఏ రంగుదో కాగితం మీద పెన్నుతో రాసి వెనక తలుపు లోపల అంటించు. ఫోన్‌లో దాచుకుంటానంటావు, ఫోన్ మారుతుంది. తర్వాత ఎల్‌ఈడీబ్లింకీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆటను బట్టి ఏ బటన్ ఏ రంగో పెట్టుకునేటప్పుడూ ఆ కాగితమే నీ ముందుండాలి.

ఈ ఆదివారం 16 బటన్ల జోలికీ పోకు. ఒక్క బటన్, మూడు అవుట్‌పుట్లు, అడాప్టర్, టేబుల్ మీద. మూడు రంగులూ విడివిడిగా వెలిగి, మూడూ కలిస్తే ముచ్చటగా తెలుపు వచ్చాక వీడియో పంపు. తెలుపు బదులు గులాబి రంగు వస్తే ఆకుపచ్చ లగ్గు వదులైనట్టు, అక్కడ చూసుకో.

అన్నట్టు, మీ ఇంట్లో ఉన్న ఆ పసుపు పిడి సోల్డరింగ్ ఐరన్ నాది. మీ అమ్మను పదేళ్లుగా అడుగుతున్నాను. నీ పనయ్యాక నువ్వైనా పంపు.

మీ మావయ్య