రిజిస్టర్‌లో లేని ఇళ్ళు

అమ్ములూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ మేనకోడల్ని కాలనీకి సెక్రటరీని చేశారు, పోటీ కూడా లేదట" అంది. ముందు నవ్వొచ్చింది. పోటీ లేదంటే ఆ కుర్చీలో కూర్చోడానికి ఇంకెవరూ దొరకలేదని అర్థం. 2009లో నన్నూ అలాగే కూర్చోబెట్టారు. తర్వాత గర్వంగా అనిపించింది. మన ఇంట్లో ఆడపిల్ల మైకు పట్టుకుని జనరల్ బాడీలో మాట్లాడిందంటే మీ తాతయ్య ఉంటే వీధంతా చెప్పుకునేవాడు. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. మీ అత్తయ్య లేచి బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. వేసుకున్నాను. దానివల్ల కాదు.

కాలనీ కబుర్ల షీటు మళ్ళీ మొదలుపెడతావట. అది ఆగిపోయి పదేళ్ళు దాటింది. ఎందుకు ఆగిందో నీకు తెలియదు, నువ్వప్పుడు చెన్నైలో హాస్టల్లో ఉన్నావు. ఫోన్లో చెబుదామంటే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ పక్కన లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. పూర్తిగా చదువు.

ముందు మామూలు సంగతులు. జనరల్ బాడీ అయిన 15 రోజుల్లో కొత్త కమిటీ పేర్లు, చిరునామాలు రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చెయ్యాలి. 2001 సొసైటీల చట్టంలో ఉంది, పాత కమిటీలు మర్చిపోయేది సరిగ్గా అదే. బ్యాంకులో సంతకాలు మార్పించు. ఒక్క సంతకంతో చెక్కు వద్దు, ఖాళీ చెక్కు మీద సంతకం అసలే వద్దు, ట్రెజరరు ఎంత దేవుడిలాంటి మనిషైనా సరే. డబ్బు ఎక్కడ తీసుకున్నావో అక్కడే రసీదు రాయి. మినిట్స్ ఆ రాత్రే రాసెయ్, మర్నాటికి ఎవరు ఏమన్నారో ఎవరికి కావలసినట్టు వాళ్ళకి గుర్తుంటుంది. కాలువ పూడిక, వీధి లైట్ల సంగతి వార్డు సచివాలయంలో కాగితం మీద ఇచ్చి నంబరు తీసుకో, నోటిమాట నమ్మకు. కరెంటు ఫిర్యాదుకి 1912కి ఫోన్ చెయ్యి. కార్పొరేటరు గారిని పిలు, మర్యాద చెయ్యి, శాలువా మాత్రం అసోసియేషన్ డబ్బుతో కొనకు.

పార్కింగ్ గొడవ, వీధికుక్కల గొడవ ఇంతవరకు ఏ సెక్రటరీ తేల్చలేదు. నువ్వూ తేల్చలేవు. కూర్చుని వింటే చాలు, సగం మంది అరవడానికే వస్తారు. నువ్వు మాత్రం తిరిగి అరవకు. పోయిన సంక్రాంతికి ఎదురింటి ఆయన కారు విషయంలో నువ్వు వేసిన కేక మూడో లైనుకి వినపడిందని మీ అమ్మే చెప్పింది. మాట నీదే కరెక్టు అయ్యుండొచ్చు. సెక్రటరీకి అది చాలదు తల్లీ.

ఇక షీటు.

నేను మొదలుపెట్టినప్పుడు ఏ4 కాగితం, రెండు వైపులా. మర్రిపాలెం డీటీపీ షాపులో కొట్టించి జెరాక్స్ తీయించేవాణ్ణి. ట్యాంకు కడిగే తేదీ, ఖర్చుల లెక్క, ఎవరి పిల్లకి ఎంసెట్‌లో ఎంత ర్యాంకు, ఎవరింట్లో గృహప్రవేశం, ఇవీ విషయాలు. పైన 'కార్యదర్శి మాట' అని నా రాత, పక్కన నా ఫొటో. పోర్టులో 31 ఏళ్ళు ఇంగ్లీషు మెమోలు రాసినవాణ్ణి, తెలుగులో పేరు అచ్చయ్యేసరికి పొంగిపోయాను. పేపర్ కుర్రాడికి నెలకి కొంత ఇచ్చి ప్రతి గుమ్మంలోనూ వేయించేవాణ్ణి. ప్రతి గుమ్మంలోనూ. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

హుద్‌హుద్ తుఫాను మన విశాఖ మీదకి వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటి నుంచే గాలి. మధ్యాహ్నానికి మా పెంకుల షెడ్డు ఎక్కడికి పోయిందో తెలియదు. మర్నాడు బయటికొచ్చి చూస్తే సింహాచలం కొండ మీద ఒక్క ఆకు లేదు, తగలబెట్టినట్టు గోధుమరంగు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, సంపులో నీళ్ళున్నా పైకెక్కించే మోటారు లేదు. మూడో రోజున, అంటే మంగళవారం, నాకు తెలిసిన ఒకాయన ద్వారా ఒక వాటర్ ట్యాంకర్ దొరికింది. సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. ఫోన్లు లేవు కదా, ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి సభ్యుల రిజిస్టర్ చేతికిచ్చాను. 186 పేర్లు. "ఒక్కో ఇంటికీ వెళ్ళి చెప్పి, పేరు పక్కన టిక్ పెట్టండ్రా" అన్నాను. అంతటి గందరగోళంలో రిజిస్టర్ ప్రకారం పని చేయిస్తున్నానని మనసులో ఎంత మురిసిపోయానో.

గెడ్డ కాలువ పక్కన ఆఖరి లైను తెలుసుగా. అన్నీ అద్దె పోర్షన్లు. ఓనర్లలో ఒకరు బెంగళూరు, ఒకరు మస్కట్, ఒకరు కొడుకు దగ్గర. కుర్రాళ్ళు ఆ పేర్లు చదివి, 'ఊళ్ళో లేరు' అని రాసుకుని వెనక్కి తిరిగారు. వాళ్ళ తప్పు లేదు, నేను చెప్పింది అదే. ట్యాంకర్ వచ్చింది, గంటన్నరలో ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చింది. చంకలో పాప, చేతిలో ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె. బిందె అంచు ఒకచోట కాలి ముడుచుకుపోయి ఉంది, ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. "బాబుగారూ, నిన్న ట్యాంకర్ వచ్చిందంట కదండీ, మాకెవరూ చెప్పలేదండి" అంది. గొంతులో కోపం లేదు. నేను రిజిస్టర్ తెచ్చి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాను. "మీ ఓనర్ పేరుందమ్మా, ఆయన ఊళ్ళో లేరని రాసుకున్నాం" అన్నాను.

ఆవిడ ఆ పేజీ వంక చూసి, "ఆయన లేరండి. మేమున్నాం" అంది.

నాకు నోట మాట రాలేదు. మీ అత్తయ్య లోపల్నుంచి వచ్చి, వంటకి ఉంచుకున్న సగం బకెట్టు ఆవిడ బిందెలో వంచేసింది. నేను రిజిస్టర్ పట్టుకుని నిలబడ్డాను.

ఇది నా పెద్ద తప్పు అనుకుంటున్నావేమో. కాదు. తుఫానులో ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. ఆ సాయంత్రమే ఆ లైనుకి వెళ్ళి ఉంటే అది అక్కడితో పోయేది. వెళ్ళలేదు. సిగ్గేసింది, పనులున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను.

మాకు కరెంటు దీపావళికి రెండు రోజుల ముందు వచ్చింది. ఆ ఏడాది టపాసులు వద్దన్నారు కదా, ఊరంతా ఎండిన కొమ్మలు గుట్టలుగా పడి ఉన్నాయి, నిప్పురవ్వ పడితే అంతే. దీపాలతోనే పండగ. ఆ పొద్దున నా షీటు ప్రత్యేక సంచిక వచ్చింది. అందులో నా రాతతో, నా ఫొటో పక్కన, ఇలా ఉంది: "ఇంతటి విపత్తులోనూ మన అసోసియేషన్ ప్రతి ఇంటికీ మంచినీరు అందించింది."

రాసేటప్పుడు ఆ బిందె గుర్తొచ్చింది. పెన్ను ఆగింది కూడా. ప్రెసిడెంటు గారు పక్కనే ఉన్నారు, "ఇప్పుడవన్నీ ఎందుకండీ, జనం అలిసిపోయారు, కాస్త ఉత్సాహంగా రాయండి" అన్నారు. ఆయన మీదకి నెట్టడం లేదు, పెన్ను నా చేతిలోనే ఉంది.

షీటు ప్రతి గుమ్మంలోనూ పడింది. నీళ్ళ కబురు చేరని గుమ్మాల్లో కూడా పడింది.

రెండు రోజుల తర్వాత ఆవిడ భర్త వచ్చాడు. షిప్‌యార్డులో కాంట్రాక్టరు కింద వెల్డింగ్ పని చేసేవాడు, చేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. నాలుగు మడతలు పెట్టిన షీటు నా చేతికిచ్చాడు. 'ప్రతి ఇంటికీ' కింద నీలం పెన్నుతో గీత. "మా ఆవిడ చూపించమందండి" అన్నాడు, అంతే, వెళ్ళిపోయాడు. సంక్రాంతికి ముందే ఖాళీ చేశారు. తర్వాత మూడు సంచికలు వేశాను. ఒకరోజు టీ బడ్డీ దగ్గర ఎవరో, "ట్యాంకు కడిగారంటావా? షీటులో రాశారంటే కడిగుండరులే" అన్నాడు, అందరూ నవ్వారు. నన్ను చూసి కాదు, నేను వెనక ఉన్నానని వాళ్ళకి తెలియదు. నాలుగోది రాయలేకపోయాను. కాగితం రేటు పెరిగిందని కమిటీకి చెప్పాను. అదీ అబద్ధమే.

పోర్టులో తుఫాను హెచ్చరికలకి నంబర్లుంటాయని చిన్నప్పుడు నీకు చెప్పేవాణ్ణి, గుర్తుందా? ఒకటి నుంచి పది దాకా గాలి ఎంత దగ్గర పడిందో, ఎంత ప్రమాదమో చెబుతాయి. పదకొండో నంబరు ఒకటుంది, దాని సంగతి వేరు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, మాకు సమాచారం లేదు, వాతావరణం మాత్రం ప్రమాదంగా ఉంది, అని దానర్థం. తెలియదని చెప్పడానికి కూడా ఒక నంబరు పెట్టుకున్నారు చూడు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నాకది వింతగా అనిపించేది. తెలియనప్పుడు ఊరుకోవచ్చుగా అనుకునేవాణ్ణి.

నీ షీటులో అలాంటిది ఒక మూల పెట్టు. ట్యాంకర్ వస్తుందో రాదో తెలియకపోతే తెలియదని రాయి. ఏ పని చేస్తామని చెయ్యలేకపోయామో, ఏ లైనుకి వెళ్ళలేకపోయామో అది రాయి. కమిటీలో గొడవ చేస్తారు, పరువు పోతుందంటారు. పని చేసేదీ మనమే, దాని గురించి వార్త రాసేదీ మనమే అయినప్పుడు ఆ మూల కూడా లేకపోతే షీటంతా నా ఫొటోనే అవుతుంది. ఫొటో కూడా వద్దు. బాకీదార్ల పేర్లు ఎన్నడూ వెయ్యకు, ఎవరింట్లో ఏ కష్టం ఉందో నీకేం తెలుసు.

రిజిస్టర్ సంగతి ముఖ్యం. ఓటు ఓనర్లకే అని బైలాస్‌లో ఉంటే ఉండనీ, ఎన్నికలప్పుడు చూసుకో. నీళ్ళకీ తుఫానుకీ ఓటుతో పనేముంది? గుమ్మాల లెక్కన ఇంకో పుస్తకం రాయి. గుమ్మం నంబరు, లోపల ఎవరున్నారు, ఎంతమంది, మంచం మీద ఉన్నవాళ్ళున్నారా, నెలలు నిండినవాళ్ళున్నారా, ఒంటరి ముసలివాళ్ళున్నారా. ఆఖరి లైను నుంచి మొదలుపెట్టు. ఎవరినీ పంపకు, నువ్వే వెళ్ళు. గ్రూపులో అడిగితే చాలంటావు, ఆ లైనువాళ్ళని గ్రూపులో చేర్చినవాళ్ళెవరు? చేర్చినా టవర్లు పడిపోతే ఫోను ఎందుకూ పనికిరాదు, పుస్తకం కాగితమే ఉండాలి, రెండు కాపీలు, ఒకటి వాచ్‌మన్ దగ్గర.

ఇదంతా సెప్టెంబరు దాటకుండా అయిపోవాలి. నాకు అక్టోబరంటే భయం, నిజమే. ఇప్పుడు మధురవాడలో పన్నెండో అంతస్తులో ఉంటున్నా సెప్టెంబరు చివర్లో డ్రమ్ములు నింపుతాను, మీ బావ నవ్వుతాడు. నవ్వనీ. నువ్వు మాత్రం నవ్వకు. మోటారుకి జనరేటరు అద్దెకిచ్చేవాడితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో, గాలి మొదలయ్యాక వాడు ఫోన్ ఎత్తడు.

ఇంకొకటి. రాత్రి తొమ్మిది దాటితే ఫోన్ ఎత్తకు. నీకు ఉద్యోగం ఉంది, పిల్లాడున్నాడు. నేను సెక్రటరీగా ఉన్న ఆరేళ్ళూ మీ అత్తయ్య రోజూ చల్లారిన అన్నం తింది, ఒక్కసారి కూడా అనలేదు. మొన్న ఈ ఉత్తరం సంగతి చెబితే, "దాన్ని టైముకి తినమని రాయండి, మిగతావి అదే నేర్చుకుంటుంది" అంది. ఆవిడ మాట కూడా రాసేశాను.

వచ్చే ఆదివారం వస్తాను. ఆఖరి లైనుకి నీతో పాటు నేనూ నడుస్తాను, మెట్లున్నచోట కింద నిలబడతాను. మీ అమ్మని పనసపొట్టు కూర చెయ్యమను, ఆవపెట్టి.

ఆ దీపావళి షీటు ఈ కవరులోనే పెడుతున్నాను. మడతల దగ్గర చినిగింది, మెల్లగా విప్పు. నీలం గీత ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఆశీస్సులతో,
మావయ్య