ముప్పై ఏళ్లు ఖాళీగా ఉంచిన ఉపాధ్యక్ష పదవి

"ప్రజలు తిరగబడినప్పుడు నియంత దిగిపోతాడనీ, అతని తరువాత ఫలానావాడు వస్తాడనీ అక్కడ నివసించే వారికి ముందుగా తెలుస్తుందా?" అన్నది మీ ప్రశ్న. 2011 జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేను ఈజిప్టు రాజధాని కైరో నగరంలోని దొక్కీ ప్రాంతంలో ఉన్నాను. ఒక దుస్తుల తయారీ సంస్థలో లెక్కలు చూసేవాడిని. అధ్యక్షుడు ముబారక్ దిగిపోక తప్పదని మా వీధిలో జనవరి 29 రాత్రికే అందరూ అనుకున్నారు. తరువాత ఎవరన్నది మాత్రం ఫిబ్రవరి 11 సాయంత్రం టీవీలో ప్రకటించేదాకా ఒక్కరికీ తెలియదు. ఆ తెలియకపోవడం కాకతాళీయం కాదనీ, ముప్పై ఏళ్ల పాటు ముబారక్ స్వయంగా, ఎంతో శ్రద్ధగా చేసుకున్న ఏర్పాటనీ నా గట్టి అభిప్రాయం.

జనవరి 28 శుక్రవారం నాటికి ఇంటర్నెట్ లేదు, మొబైల్ ఫోన్లు లేవు. సాయంత్రానికి నైలు ఒడ్డున పాలక పార్టీ కార్యాలయం తగలబడింది, కర్ఫ్యూ విధించారు, చీకటి పడే వేళకు నగరమంతటా పోలీసులు మాయమయ్యారు. మరునాటికల్లా జైళ్ల నుంచి ఖైదీలు బయటపడ్డారన్న వార్త పాకింది. దాంతో ప్రతి వీధి వారూ తమ వీధిని తామే కాపలా కాయడం మొదలుపెట్టారు. రెండవ అంతస్తులో ఒంటరిగా కూర్చుని ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడటం కంటే వారితో కలిసి నిలబడటమే నయమనిపించి నేనూ కిందికి దిగాను. ఆయుధమని చెప్పుకోదగినది ఇంట్లో ఏదీ కనబడక అప్పడాల కర్ర పట్టుకుని వెళ్లాను. దానిని చూసి మా భవనం బవ్వాబ్, అంటే మెట్ల కింది గదిలో కుటుంబంతో ఉండే కాపలాదారు, ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. అయినా అతడు నా చేతికి కూడా అందరిలాగే తెల్లగుడ్డ పీలిక కట్టి, పాత చెక్కపెట్టెలు విరిచి వేసిన మంట పక్కన నాకు చోటు చూపించాడు.

నేల అంతస్తు వారు టీవీని కిటికీ వైపు తిప్పి పెట్టారు. ఒమర్ సులేమాన్ ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్న దృశ్యాన్ని అందులోనే చూశాము. ఆయన అప్పటివరకు గూఢచారి శాఖ అధిపతి. మా వీధిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తిట్టనూ లేదు. మా పైఅంతస్తులో ఉండే విశ్రాంత సైనికాధికారి ఒకాయనను అందరూ "యా ఫందిమ్", అంటే "అయ్యగారూ", అని పిలిచేవారు. ఆయన చేతి తొడుగు తీసి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "1970లో నాసర్ చనిపోయాడు, ఉపాధ్యక్షుడైన సాదాత్ వచ్చాడు. 1981లో సాదాత్‌ను కాల్చి చంపారు, ఉపాధ్యక్షుడైన ముబారక్ వచ్చాడు. ఆ దారిలో వచ్చినవాడు కనుకనే ఆ దారిని మూసివేశాడు. ఈ రోజు తెరిచాడంటే ఇక చేసేది లేదని అర్థం," అన్నాడు. బవ్వాబ్ కాసేపు ఆలోచించి, "మరి గమాల్ సంగతి ఏమిటి, యా ఫందిమ్?" అని అడిగాడు. గమాల్ ముబారక్ కొడుకు. అక్కడున్న పదిహేను మందీ ఒక్కసారిగా బవ్వాబ్ వైపు తిరిగారు. అంతకు వారం ముందు వరకు అదే ప్రశ్నను గొంతు తగ్గించి అడిగేవారు. అతడు వీధి మధ్యలో, మామూలు గొంతుతో అడిగాడు. సైనికాధికారి తొడుగు మళ్లీ వేసుకుంటూ, "గమాల్ ఏనాడూ యూనిఫాం వేసుకోలేదు కదా," అని మాత్రం అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఉన్నంత విషయం తరువాత నేను చదివిన విశ్లేషణలలో కనబడలేదు. అప్పటివరకు అధ్యక్షులైన నగీబ్, నాసర్, సాదాత్, ముబారక్, ఈ నలుగురూ సైన్యం నుంచి వచ్చినవారే. గమాల్ ముబారక్ లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చి, పార్టీలో విధానాల విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన చుట్టూ చేరినవారు అహ్మద్ ఎజ్ వంటి ఉక్కు వ్యాపారులు. 2004లో పుట్టిన కెఫాయా ఉద్యమం "పొడిగింపు వద్దు, వారసత్వం వద్దు" అని నినదించింది. కెఫాయా అంటే "చాలు" అని అర్థం. మరుసటి ఏడాది రాజ్యాంగంలోని 76వ అధికరణాన్ని సవరించి, అధ్యక్ష ఎన్నికలో ఒకరికి మించి అభ్యర్థులు పోటీ చేయవచ్చన్నారు. రెండవ స్థానంలో నిలిచిన అయ్మన్ నూర్‌ను ఆ సంవత్సరాంతానికి జైల్లో పెట్టారు. కొడుకును తెస్తానని తండ్రి ఎన్నడూ అనలేదు, తేనని నమ్మేలా చేయనూ లేదు. వారసుడు ఫలానా అని తేలిన రోజు నుంచి సేనాపతులూ వ్యాపారులూ అతని గుమ్మం ముందు చేరతారు గదా! అందుకే ఎవరి పేరూ పైకి రానివ్వకుండా అందరినీ ఆశలో ఉంచాడు. 2005లోనే ఒక ఉపాధ్యక్షుడిని పెట్టుకుని ఉంటే ఆయన మర్యాదగా పదవీ విరమణ చేసి ఉండేవాడని నేను ఇప్పటికీ వాదిస్తాను.

దీనిని "ఫేస్‌బుక్ విప్లవం" అని తేల్చేసే వారి మీద నాకు కొంత కోపం ఉంది. జనవరి 28 నుంచి ఫిబ్రవరి 2 వరకు మాకు ఇంటర్నెట్ లేదు. జనం పెరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. సమాచారం మసీదు గుమ్మం దగ్గర, రొట్టెల వరుసలో, ల్యాండ్‌లైన్ ఫోన్‌లో తిరిగింది. నా సొంత కోపం మరొకటి ఉంది. మన ప్రభుత్వం ప్రత్యేక విమానాలు నడిపిన రోజుల్లో నేను ఎక్కలేకపోయాను. నివాస అనుమతి పొడిగింపు పేరుతో నా పాస్‌పోర్టును మా సంస్థ వారు తీసుకుని బీరువాలో పెట్టారు, బీరువా తాళంచెవి ఉన్న పెద్దమనిషి కుటుంబంతో సహా ముందే దేశం దాటాడు. ప్రశ్నకు నేను ఇంత దగ్గరగా నిలబడి సమాధానం చెప్పగలగడానికి కారణం నా ధైర్యం కాదు, ఆ తాళంచెవి.

ఫిబ్రవరి 10 రాత్రి ముబారక్ రాజీనామా చేస్తాడని ఎదురుచూస్తే, అధికారాలను సులేమాన్‌కు అప్పగిస్తున్నానంటూ పదవిలోనే ఉండిపోయాడు. నిరసనకారులు చేరిన తహ్రీర్ మైదానంలో జనం చెప్పులు విప్పి పైకెత్తారు. మరునాడు సాయంత్రం అదే సులేమాన్ టీవీలో కనిపించి, అధ్యక్షుడు తప్పుకున్నాడనీ, దేశ వ్యవహారాలను సైనిక దళాల సర్వోన్నత మండలికి అప్పగించాడనీ అర నిమిషంలో చెప్పి ముగించాడు. వీధంతా ఈలలు, కారు హారన్లు. నన్ను ఎవరెవరో కౌగిలించుకున్నారు. మా సైనికాధికారి మాత్రం మెట్ల మీద కూర్చుని రాజ్యాంగంలోని 84వ అధికరణం గురించి చెప్పాడు. దాని ప్రకారం అధ్యక్ష స్థానం ఖాళీ అయితే ప్రజాసభ, అంటే పార్లమెంటు, స్పీకరు తాత్కాలిక అధ్యక్షుడు కావాలి, అరవై రోజుల్లో కొత్త అధ్యక్షుడు రావాలి. 1981లో సాదాత్ హత్య తరువాత స్పీకరు సూఫీ అబూ తాలెబ్ ఎనిమిది రోజులు ఆ బాధ్యత నిర్వహించాడు. 2011లో స్పీకరు ఫత్హీ సొరూర్ పేరు ఎత్తిన వారు లేరు. రెండు వారాల క్రితం తెచ్చి కూర్చోబెట్టిన ఉపాధ్యక్షుడి పేరూ మరునాటికి వినబడలేదు. రాజ్యాంగంలో లేని ఏర్పాటు ఒకటి ఫీల్డ్ మార్షల్ తంతావీ నాయకత్వంలో దేశాన్ని చేతిలోకి తీసుకుంది. పదహారు నెలల తరువాత అధ్యక్షుడిగా ఎన్నికైన మొర్సీ ఒక్క సంవత్సరమే ఉన్నాడు. 2013 జులైలో ఆయనను దించిన సైన్యాధిపతి అబ్దెల్ ఫతా సీసీ, మేము మంట కాచుకుంటున్న ఆ రాత్రి సైనిక నిఘా విభాగానికి అధిపతిగా ఉన్నాడు. మా వీధిలో ఆయన పేరు విన్నవారు ఒక్కరైనా ఉన్నారని నేను అనుకోను.

పాస్‌పోర్టు మార్చి నెలలో నా చేతికి వచ్చింది. అనుమతి పొడిగింపు కోసం వెళ్లిన ప్రభుత్వ కార్యాలయంలో, గుమాస్తా వెనుక గోడ మీద ముబారక్ పటం ఉండే చోట నలుచదరంగా తెల్లటి మచ్చ కనిపించింది; చుట్టూ గోడ సిగరెట్ పొగకు పసుపు బారి ఉంది. మేకు అలాగే ఉంది. గుమాస్తా తన ఉన్ని మఫ్లరును దానికి తగిలించుకుని, నా దరఖాస్తులో పుట్టిన తేదీ సరిగ్గా రాయలేదని తిప్పి పంపాడు.