అరికాలి పుండుకు వాక్యూమ్ చికిత్స: ముందు చూడవలసినవి

గుంటూరులో ఉన్న మీ నాన్నగారికి షుగర్ వల్ల వచ్చిన అరికాలి పుండు మూడు నెలలైనా మానలేదని, వాక్యూమ్ చికిత్స చేయించవచ్చా అని అడిగారు. చేయించవచ్చునండి, అయితే కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో ముందుగా డాప్లర్ పరీక్షతో తేల్చుకోండి, ఎందుకంటే రక్తనాళం మూసుకుపోయి ఉంటే ఎంత ఖరీదైన కట్టు వేసినా పుండు మానడం చాలా కష్టం. ఎముకకు ఇన్ఫెక్షన్ పాకలేదని నిర్ధారించుకుని, చచ్చిన కండను సర్జన్ తొలగించిన తరువాతే, పుండుపై స్పాంజి పెట్టి గాలి చొరకుండా మూసి స్రావాన్ని లాగే ఆ యంత్రం మేలు చేస్తుంది.

నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది పుండుపై బరువు పడనివ్వకపోవడం. రక్తప్రసరణ బాగుంటే, పాదానికి అతుక్కునేలా మోకాలి కిందివరకు వేసి, పుండుపై బరువు తగ్గించే గట్టి కట్టు, అంటే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ గురించి డాక్టరుగారిని తప్పక అడగండి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో రోజూ కడగవద్దు, అది కొత్త కణాలనూ దెబ్బతీస్తుంది. సరైన చికిత్స మొదలైన 4 వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే పద్ధతి మార్చే విషయం చర్చించండి; జ్వరం గానీ పాదంపై నలుపు గానీ కనిపిస్తే మాత్రం ఆ రోజే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తీసుకువెళ్లండి.