మనోవర్తి దస్తావేజులో ఆమె గొంతు ఎంత?

ప్రశ్న: మా తాతమ్మ వితంతువు. 1930ల నాటి మనోవర్తి (పోషణకు ఇచ్చే భరణం) దస్తావేజులో ‘నా ఇష్టప్రకారం’ భూమిపై హక్కు వదులుకున్నట్టు ఉంది. నిజమేనా? ఇంకేం వెతకాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ మాట ఆమెది అనుకోకండమ్మా. అది దస్తావేజు లేఖరి వాడుక మాట, చాలా కాగితాల్లో కనిపిస్తుంది. ముందు తేదీ చూడండి. 1937 హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది, అదీ బతికున్నంత కాలం అనుభవించడానికే. వ్యవసాయ భూమికి మద్రాసు రాష్ట్రంలో అది వర్తించింది 1947లో. అంతకుముందు ఉమ్మడి కుటుంబంలో ఆమెకు దక్కేది మనోవర్తే. పునర్వివాహం చేసుకుంటే 1856 వితంతు పునర్వివాహ చట్టం ప్రకారం భర్త ఆస్తిపై హక్కు పోయేది. ఈ భయం పెట్టి ఎందరిని లొంగదీశారో కాగితం చెప్పదు.

సాక్షుల పేర్లు చూడండి. అందరూ అత్తింటివారై, పుట్టింటి నుంచి ఒక్కరూ లేకపోతే ఆమెపై ఒత్తిడి ఉందనడానికి అది గట్టి సూచన. వేలిముద్ర ఉంటే చదివి వినిపించినట్టు రాశారా, ఎవరు వినిపించారు?

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సు 1 పేర్లది, ఇండెక్సు 2 ఆస్తిది. చాలామంది ఒక్క అత్తింటి పేరుతోనే వెతికి ‘లేదు’ అని వచ్చేస్తారు. పుట్టింటి పేరుతోనూ, సర్వే నంబరుతోనూ చూడండి. వీలునామాలు వేరే, 3వ పుస్తకంలో (రిజిస్టరులో) ఉంటాయి. ఇంకా పాత దస్తావేజులు 1904కు ముందువైతే కృష్ణా జిల్లా పేరుతో ఉండొచ్చు, గుంటూరు జిల్లా అప్పుడే ఏర్పడింది. ఈ దస్తావేజు రాశాక మనోవర్తి బాకీ దావా ఏమైనా పడిందేమో కోర్టు రికార్డుల్లో అడగండి. డబ్బు ఆపేసిన సంగతి బయటపడేది అక్కడే.